ఆగిన సాంచా గురించి ఆమె చెప్పింది

మొన్న మా వాడకట్టులో ఉన్న ఆఖరి షెడ్డును పాత ఇనుము వాళ్ళకు అమ్మేశారు. మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటాం. ఒకప్పుడు ఏ సందులోకి తిరిగినా సాంచాల చప్పుడే. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గరికి పోయి అరవాల్సి వచ్చేది. ఇప్పుడు వాటిని గ్యాసు మంటతో కోసి ముక్కలను ట్రాలీ ఆటోలోకి ఎత్తుతుంటే, చాయ్ హోటల్ ముందు నలుగురం నిలబడి చూశాం. ఏళ్ళ తరబడి ఇనుముకు పట్టిన నూనె, నూలు నుసి కాలుతుంటే ముక్కులు మండాయి.

నా పక్కనున్నవాడు నా ఈడువాడే. చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవాళ్ళం. గ్యాసు మంట పట్టుకున్న యువకుడితో వాడు కథ మొదలుపెట్టాడు.

"గిసుంటి షెడ్డులనే గప్పట్ల ఒక పిల్ల చెయ్యి పోయింది తెలుసా? ఒక టీచరమ్మ ఉండె. పెద్దలు ఏం చెప్పినా ఎందుకు, ఎందుకు అని అడుగుమని పోరగాండ్లకు నేర్పింది. కరెంటు లేనప్పుడు సాంచా కాడికి పోతె ఏం గాదని చెప్పిందట. పాపం, ఆ పిల్ల నమ్మి పోయింది."

"గసుంటి టీచర్లను ఏం జేసిండ్రే?" అని ఆ యువకుడు అడిగాడు.

"ఏం జేస్తరు, ఎల్లగొట్టిండ్రు."

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. నేను ఏమీ అనలేదు. అప్పుడూ ఇట్లాగే ఏమీ అనకుండా ఉంటే ఎంతో బాగుండేది. అప్పుడు మాట్లాడాను. మాట్లాడింది అబద్ధం. ఆ టీచరమ్మ మా ఊళ్ళో ఇన్నేళ్ళుగా మోస్తున్న చెడ్డపేరు నా నోట్లోంచి వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు పొడుగ్గా, రైలు డబ్బాలాగా ఉండేది. ముందు గదిలో తాత గుంతమగ్గం, వెనక రేకుల షెడ్డులో చిన్నాయన సాంచాలు. మధ్య గదిలో మేమందరం. తాత చచ్చినా షెడ్డులోకి అడుగు పెట్టేవాడు కాదు. "గది నేత గాదు, లొల్లి" అనేవాడు. పొద్దున్నే ఆయనా నాయినమ్మా మగ్గానికి ఎక్కించే పడుగు నూలును గల్లీ పొడుగునా సాపి గంజి పెట్టేవాళ్ళు. తడి నూలు మీద పులిసిన గంజి వాసన, ఎండ ఎక్కేకొద్దీ కొంచెం తీపిగా మారే ఆ వాసన ఇప్పుడు ఎక్కడా లేదు. ఎవరైనా అన్నం గంజి వంచినప్పుడు దానికి దగ్గరగా ఏదో వస్తుంది, అంతే.

తాత దగ్గర పిల్లలకు చెప్పే కట్టుబాట్లు చాలా ఉండేవి. పడుగు దాటితే కాళ్ళు పడిపోతాయి. పోగుల నడుమ ఉరికే నాడెను తంతే కండ్లు పోతాయి. మగ్గం గుంతలో ఉమ్మితే కడుపు ఉబ్బుతుంది. ఏ తప్పుకు ఏ శిక్షో ఆయన తడుముకోకుండా చెప్పేవాడు. ఒకసారి నాయినమ్మ నవ్వుతూ, మరి గంజి కుండలో చెయ్యి పెడితే ఏం పోతుందో చెప్పుమంది. తాత కొంచెం ఆలోచించి, చెయ్యి పెట్టినవాళ్ళకు పెండ్లి కాదన్నాడు. నాయినమ్మ తన రెండు చేతులూ గంజిలోనే ఉన్నాయని చూపించింది.

నేను నవ్వలేదు. నాకు భయం. ఆ భయం ఎంతగా పట్టుకుందంటే, అది నిజమో కాదో తేల్చుకోకపోతే నిద్ర పట్టేటట్టు లేదు. ఒక పొద్దున నాయినమ్మ గంజి తేవడానికి లోపలికి పోయినప్పుడు, నేల మీద పరిచి ఉన్న పడుగును ఇటు నుంచి అటు దాటాను. మళ్ళీ అటు నుంచి ఇటు దాటాను. ఆ పూటంతా కాళ్ళు పడిపోతాయని ఎదురుచూశాను. అన్నం తింటూ పిక్కలు గిల్లుకున్నాను. సాయంత్రం మానేరు ఇసుకలో అందరికంటే ముందు ఉరికాను. కాళ్ళు గట్టిగానే ఉన్నాయి. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అప్పటి నుంచి తాత చెప్పింది ఏదీ నమ్మలేదు. ఆయన ఒక్కడే కాదు, వద్దు అని ఎవరు చెప్పినా లోపల ఒకడు నవ్వేవాడు.

టీచరమ్మ ఆ వానకాలమే వచ్చింది. పెగడపల్లి అవతల ఏదో పల్లె ఆమెది. తల్లిదండ్రులు కూలీలు, చర్చికి పోయేవాళ్ళు. మా వాడకట్టులో బాలవాడి పెట్టినప్పుడు ఆమెను పంపారు. బడి గది పక్కనే ఉండటానికి ఒక అర్ర ఇచ్చారు. ఇచ్చారు గానీ, నల్లా దగ్గర ఆడవాళ్ళు తమ బిందెలు తీసుకున్నాక ఆమె బిందె పెట్టుకునేది. ఇది నియమమని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆమె కూడా ఎందుకని అడగలేదు. ప్రతిదానికీ ఎందుకని అడగమనే మనిషి అక్కడ మాత్రం అడగలేదని నాకు ఇప్పుడు తడుతోంది.

చిన్నపిల్లలు పొద్దున పోయేవాళ్ళు. మాలాంటి పెద్ద పిల్లలం సర్కారు బడి విడిచాక సాయంత్రం పోయేవాళ్ళం, ఎందుకంటే ఆమె బొబ్బెర గుడాలు పెట్టేది. ఉడికిన బొబ్బెర్లలో ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయ తాలింపు. మా చిన్నాయన బిడ్డ, అంటే మా చెల్లె, నా వెంటే వచ్చేది. నేను కూర్చుంటే కూర్చునేది, లేస్తే లేచేది. అన్న ఏది చెబితే అదే దానికి వేదం.

ఒక సాయంత్రం టీచరమ్మ గుడాల గిన్నె నడుమ పెట్టి, ఇవాళ మన బడిలో ఏ కట్టుబాటూ లేదు, ఎవరికి తోచినట్టు వాళ్ళు తీసుకోండి అన్నది. మేం కేకలు పెట్టి మీద పడ్డాం. గిన్నె బోర్లపడింది. సగం గుడాలు మట్టిపాలయ్యాయి. గట్టివాళ్ళ జేబులు నిండాయి. మా చెల్లెకు ఒక్క గింజ కూడా దొరకలేదు. టీచరమ్మ ఎవరినీ తిట్టలేదు. అందరినీ గోడ పొంటి కూర్చోబెట్టి, ఏడ్చేవాళ్ళు ఏడవడం అయిపోయేదాకా ఆగి, రేపు ఎట్ల చేద్దామని అడిగింది. చివరికి మా చెల్లె అన్నది, "చిన్నోళ్ళకు ముందుగాల పెట్టుండ్రి."

"ఎందుకు?"

"పెద్దోళ్ళు గుంజుకుంటరు. మేము గుంజుకోలేం."

మర్నాటి నుంచి చిన్నవాళ్ళే ముందు. అది మేం పెట్టుకున్న కట్టుబాటు కాబట్టి ఎవరూ తప్పలేదు. నేను కూడా తప్పలేదు.

తాత పిల్లలను భయపెడుతున్నాడని ఎవరి ద్వారానో విని, ఆమె ఒకరోజు మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడి మాట్లాడింది. పడుగు దాటితే పోగులు తెగుతాయి, కాలి మట్టి గంజికి అంటుతుంది, ఇంటిల్లిపాది చేసిన పని పాడవుతుంది, ఆ సంగతే పిల్లలకు చెప్పొచ్చు కదా అన్నది. తాత మగ్గం ఆపకుండా జవాబిచ్చాడు.

"కారణం చెప్తె పోరగాండ్లు బేరమాడుతరు బిడ్డా. భయం చెప్తె గమ్మునుంటరు."

"భయం అబద్ధమని తెలిసిన్నాడు ఏం జేస్తరు తాతా?"

తాత నాడె విసురుతూనే ఉన్నాడు. తలుపు చాటునున్న నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

ఇక షెడ్డు సంగతి. ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి, మా ఊళ్ళో దాని గురించి ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోయేదో, ఎప్పుడు వచ్చేదో తెలిసేది కాదు. పోయిందంటే షెడ్డులన్నీ ఒక్కసారి మూగవోయేవి. పిచ్చుకల అరుపు కూడా వినిపించేది. నేసేవాళ్ళు చాయ్ తాగడానికి, బీడీ కాల్చడానికి బయటికి పోయేవాళ్ళు. పోయేముందు అన్ని సాంచాల స్విచ్చులూ బందు చేసి, తలుపు పక్కనున్న ఒక్క సాంచాను మాత్రం అట్లాగే వదిలేవాళ్ళు. కరెంటు రాగానే అది దానంతట అదే మొదలయ్యేది. ఆ చప్పుడు చాయ్ హోటల్ దాకా వినిపించేది. వీళ్ళు ఉరికి వచ్చేవాళ్ళు. నేసిన మీటరుకే కూలీ కాబట్టి ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. ప్రతి షెడ్డులో ఇదే పద్ధతి.

టీచరమ్మ ఒకరోజు మమ్మల్నందరినీ తీసుకొని మా షెడ్డు తలుపు దగ్గరికి వచ్చింది. ఆ రోజు మా చెల్లెకు జ్వరం, ఇంట్లోనే పడుకుంది. సాంచా నడుస్తుండగా టీచరమ్మ ఒక పాత లంగా పేలికను పొడుగాటి కట్టెకు చుట్టి, మోటారు బెల్టు దగ్గర పెట్టమని చిన్నాయనకు ఇచ్చింది. బెల్టు పేలికను గుంజుకొని చక్రం కిందికి తీసుకుపోయింది. బయటికి వచ్చినప్పుడు అది బట్టలాగా లేదు. దాన్ని మా అందరి చేతులకూ ఇచ్చి పట్టి చూడమన్నది. తర్వాత అన్న మాటలు ఇవి. ఒక్క మాట కూడా మార్చకుండా రాస్తున్నాను.

"నడిచే సాంచా మంచిది. దగ్గరికి రావద్దని మొత్తుకుంట చెప్తది. ఆగిన సాంచా చెప్పది. కరెంటు లేనప్పుడే ఎక్కువ భయపడాలె. గది ఎప్పుడొస్తదో ఎవ్వలకు తెల్వదు."

అక్కడితో ఆగలేదు. చిన్నాయన వైపు తిరిగి, తలుపు పక్క సాంచాను కూడా బందు చేసి పోతే మంచిది కదా అన్నది. చిన్నాయన నవ్వాడు. "మీకు బడి గంట ఉన్నట్టు, గిది మా గంట టీచరమ్మా" అన్నాడు.

ఇంటికి పోయాక చెల్లె అడిగింది, టీచర్ ఏం చెప్పింది అని. పేలిక సంగతి చెప్పాను. ఆగిన సాంచా గురించి మాత్రం చెప్పలేదు. మరిచిపోయి కాదు. తలుపు పక్క సాంచా కింద రంగురంగుల తెగిన దారం కుప్పగా పడి ఉండేది. అది దొరికితే ఆడుకోవడానికి గట్టి చెండు చుట్టుకోవచ్చు. నేను పెద్దవాణ్ణి, ఆ సందులో పట్టను. చెల్లె అయితే పడుతుంది. మరి టీచర్ ఏమన్నదని అది మళ్ళీ అడిగితే, "కరెంటు లేనప్పుడు పోతె ఏం గాదని చెప్పింది" అన్నాను. నా మాట మీద కూడా పోయేదే. అయినా టీచరమ్మ పేరు పెట్టాను, బలంగా ఉంటుందని.

బతుకమ్మకు కొంచెం ముందు, ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగవాళ్ళు చాయ్‌కి పోయారు. చెల్లె సాంచా కిందికి దూరింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఎర్ర దారం చుట్ట ఒకటి నాకు అందించింది. పచ్చది కూడా తేవాల్నా అన్నా, అని అడిగింది. తెమ్మన్నాను. దాని చెయ్యి బెల్టు వెనక ఉన్నప్పుడు కరెంటు వచ్చింది.

సాంచా మగవాళ్ళను పిలిచింది. వాళ్ళు ఉరికి వచ్చారు.

కరీంనగర్ దవాఖానలో కుడిచేతి వేళ్ళు తీసేశారు. బొటనవేలు ఒక్కటి మిగిలింది. తిరిగి వచ్చినప్పుడు ఇంటి ముందు వాడకట్టంతా ఉంది. చిన్నాయన దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకొని, ఎవరు పొమ్మన్నరు బిడ్డా అని అడిగాడు. అది అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసింది చెప్పింది. కరెంటు లేనప్పుడు ఏం కాదని టీచర్ చెప్పిందట, అన్న చెప్పిండు అన్నది.

అందరూ నా వైపు తిరిగారు. "టీచరమ్మ గట్ల చెప్పిందారా?" అని చిన్నాయన అడిగాడు.

"ఔ" అన్నాను.

ఆయన రెండోసారి అడగలేదు. టీచరమ్మ ఏం చెప్పిందో ఆయన చెవులారా విన్నాడు. తలుపు పక్క సాంచా స్విచ్చు వదిలింది ఆయనే. ఆ సంగతి అక్కడున్న మగవాళ్ళందరికీ తెలుసు, ఎందుకంటే అందరి షెడ్డుల్లోనూ ఒక స్విచ్చు అట్లాగే ఉండేది. నా ఒక్క మాట అందరికీ ఆసరా అయింది. పిల్లవాడి మాటను వాడకట్టు అంత గట్టిగా నమ్మడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

టీచరమ్మ తానే వచ్చింది. నేను గట్ల చెప్పలేదు, పిల్లలను అడుగుండ్రి అన్నది. పేలిక చూపించిన రోజు షెడ్డు దగ్గరున్న పిల్లలను పిలిచారు. వాళ్ళు తల్లుల మొఖాలు చూసి తలలు వంచుకున్నారు. చివరికి నన్ను నిలబెట్టారు. ఆమె నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. బడిలో జవాబు కోసం ఎట్లా ఓపికగా ఆగేదో అట్లాగే ఆగింది. నేను నేల చూస్తూ, చెప్పిండ్రు అన్నాను. అప్పుడు తాత లోపలి నుంచి అన్నాడు, "భయం ఉంటె పిల్ల చెయ్యి ఉంటుండె." అందరూ ఔనన్నారు. ఎవరో ఆమె కులం ఎత్తి ఒక మాట అన్నారు. దాన్ని ఇక్కడ రాయను.

ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకొని జగిత్యాల బస్సు ఎక్కిందని తర్వాత తెలిసింది. ఆమె ఉన్న అర్రను కడిగించారు. కొన్నాళ్ళకు ఇంకొకామె వచ్చింది. చేతులు కట్టుకోండి, నోటి మీద వేలేసుకోండి అనేది. మేం అట్లాగే చేశాం. షెడ్డులన్నిట్లోనూ తలుపు పక్క సాంచా స్విచ్చును ఎప్పటిలాగే వదిలి చాయ్‌కి పోయేవాళ్ళు.

మా చెల్లె ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. బీడీలు చుట్టలేదు, పూలు అల్లలేదు. నూలు కండెలు చుట్టే యంత్రం దగ్గర ఎడమచేత్తో పని చేసుకుంటూ బతికింది, ఇప్పటికీ ఇదే వాడకట్టులో ఉంది. చిన్నాయన పోయి చాలా కాలమైంది. షెడ్డు కోసిన రోజు సాయంత్రం నేను దాని దగ్గరికి పోయి జరిగింది మొత్తం చెప్పాను. అది మక్క కంకి ఒలుస్తోంది. ఒలవడం ఆపి విన్నది.

"గిది గిప్పుడెందుకు చెప్పినవే అన్నా? కోపం తెచ్చుకునేటందుకు గిన్నేండ్లు నాకొక మనిషి ఉండె. యాడనో దూరంగ ఉండె. గిప్పుడు పొద్దుగాల లేస్తె నీ మొఖమే చూడాలె గదా."

నేను ఏడుస్తుంటే, ఏడ్వకు, పోయి ఆమెకు చెప్పు, నాకు చెప్పి ఏం లాభం అన్నది. లేచి లోపలికి పోయింది. అప్పటి నుంచి నాతో మాట్లాడుతుంది గానీ, అన్నా అని పిలవడం లేదు.

పెగడపల్లి వైపు వాళ్ళను నలుగురిని అడిగితే జాడ దొరికింది. ఆమె ముత్యంపేటలో ఉంటుంది. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు ఆమె భర్త అందులో పని చేశాడట. కోరుట్లలో బస్సు దిగి ఆటోలో పోయాను. రెండు గదుల ఇల్లు. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. సిరిసిల్ల అని చెప్పగానే మాత్రం చేతిలో ఉన్న చాట కింద పెట్టి, కొంగు సర్దుకొని కూర్చుంది. ఆమె మనవరాలు పొయ్యి దగ్గరికి పోబోతే, వద్దు అన్నది. పాప అడుగు వెనక్కి వేసింది. ఎందుకని అడగలేదు.

నేను అంతా చెప్పాను. పేలిక, చెండు, ఎర్ర దారం, నేల చూస్తూ నేను అన్న మాట. ఆమె మధ్యలో ఒక్కసారి, పిల్ల ఎట్లున్నదని అడిగింది. చెప్పాను. ఆమె చాటను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"బట్ట చిరిగింది యాదికున్నది" అన్నది. "నడిచే సాంచా గురించి చెప్పింది యాదికున్నది. ఆగినదాని గురించి చెప్పిన్నో లేదో ఎంత యాది జేసుకున్నా రాలే. మీరందరు గట్ల తలలు వంచుకుంటె, చెప్పలేదు గావచ్చు, నా తప్పే గావచ్చు అనుకున్న. గప్పటి నుంచి ఏ పిల్లకు ఎందుకో చెప్పలే. నా కడుపున పుట్టినోళ్ళకు గూడ చెప్పలే. సగం చెప్తె గదే ప్రాణాల మీదికి వస్తదని భయం."

"మీరు పూర్తిగ చెప్పిండ్రు టీచర్. ఎక్కువ భయపడాలె అని గూడ చెప్పిండ్రు. నాకు ప్రతి మాట యాదికున్నది."

ఆమె అప్పుడు నా మొఖంలోకి చూసింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"గప్పుడు నువ్వు చెప్పింది అబద్ధమంటున్నవు. గిప్పుడు చెప్పేది నిజమని నేనెట్ల పట్టుకోవాలె కొడుకా? ముసల్దాని మనసు నిమ్మలపరుద్దామని వచ్చినవేమో. ఇంకెవలన్న ఉన్నరా విన్నోళ్ళు?"

ఉన్నారు. వాళ్ళకు నేను ఆనాడు చెప్పిన మాటే గుర్తుంది. దాన్నే తమ పిల్లలకు కథగా చెబుతున్నారు. విన్న చిన్నాయన లేడు. ఆమెకు నిజం అప్పగించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆమె నమ్మలేని మనిషినీ నేనే. ఈ సంగతి బస్సులో వస్తున్నప్పుడు నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఒట్టు పెట్టబోయాను. వద్దు, ఒట్లెందుకు అన్నది. చాయ్ పెట్టి ఇచ్చింది. ఇద్దరం తాగాం. పొద్దు పోతోంది, మళ్ళీ ఆటోలు దొరకవని, నాతో పాటు రోడ్డు దాకా నడిచి వచ్చింది. చెరకు తోటలు పోయి ఆ పక్కంతా మక్కజొన్న వేశారు. రోడ్డు పక్కన నేను నిలబడిన చోటు చూసి ఆమె చెయ్యి ఊపింది.

"గాడ నిలవడకు. గిటు జరుగు."

ఎందుకో చెప్పలేదు. నేను జరిగాను.